ఇంకొక్క పాట సార్

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో 1986 పదో తరగతి బ్యాచ్ విద్యార్థి ఒకరు చేసిన ప్రసంగం)



సంఘం కార్యదర్శిగారు నాకు ఫోన్ చేసి, ‘మీరు ఇంజనీరు కదా, రేపటి ఉద్యోగాల మీద, కొత్త టెక్నాలజీ మీద ఓ ఇరవై నిమిషాలు మాట్లాడండి’ అన్నారు. సరేనన్నాను. వారం తర్వాత నేనే ఫోన్ చేసి, ‘విషయం మార్చుకోవచ్చాండీ?’ అని అడిగాను. ‘దేని గురించి మాట్లాడతారు?’ అన్నారు. ‘నాలుగు రోజులు పాడి, కనబడకుండా పోయిన పాటల బృందాల గురించి’ అన్నాను. ఆయన కాసేపు మాట్లాడలేదు. ‘దానికీ మన స్కూలుకీ ఏమన్నా సంబంధం ఉందా?’ అన్నారు. ఉందన్నాను. ఆ సంబంధం ఏమిటో చివర్లో చెబుతాను. అది చెప్పడానికే నిజానికి ఇంత దూరం వచ్చాను.

ముందు కొంచెం దూరం నుంచి మొదలుపెడతాను.

1998లో మా కంపెనీ నన్ను ఒక టెలికాం ప్రాజెక్టు మీద బ్రిటన్ పంపింది. నేనున్నది వేల్స్ రాజధాని కార్డిఫ్‌లో. వెళ్ళిన మొదటి రెండు నెలలూ వాన తప్ప ఇంకేమీ చూడలేదంటే నమ్మండి. ఒక శనివారం వానకి తలదాచుకుందామని ఒక కొట్లోకి దూరాను. దాని పేరు స్పిల్లర్స్ రికార్డ్స్. 1894లో పెట్టిన కొట్టు. ప్రపంచంలో ఇంకా నడుస్తున్న రికార్డుల కొట్లలో ఇదే పాతదని అక్కడివాళ్ళు గర్వంగా చెప్పుకుంటారు. ఏదో ఒకటి కొనకపోతే బాగుండదని, ‘ఈ ఊరివాళ్ళు పాడినదేమన్నా ఇవ్వండి’ అన్నాను. కౌంటర్లో కుర్రాడు ఒక సీడీ తీసిచ్చాడు. నలుపు తెలుపు అట్ట, దాని మీద మూడు మొహాలు. బృందం పేరు యంగ్ మార్బుల్ జెయింట్స్. ఆల్బమ్ పేరు కొలోసల్ యూత్.

ఇంటికొచ్చి పెట్టుకున్నాను. మొదట నా సీడీ ప్లేయరు పాడైందేమో అనుకున్నాను. పాటలో సగం వాయిద్యాలు రావడం లేదేమో అనిపించింది. ఒక గిటారు తక్కువ గొంతుతో టకటకమంటుంది. ఒక బేస్ గిటారు. ఎక్కడో ఒకచోట చవక రకం ఆర్గన్. అమ్మాయి గొంతు మన పక్కింటి పిల్ల వంటింట్లో పనిచేసుకుంటూ పాడుకుంటున్నట్టుంది. డ్రమ్ములు లేవు. డ్రమ్ములకు బదులు ఏదో యంత్రం టిక్కు టిక్కుమంటోంది. ఇళయరాజా వయొలిన్లు విని పెరిగిన చెవికి అదేం నచ్చుతుంది? కానీ రెండోసారి విన్నాను. మూడోసారి విన్నాను. ఆ చలికాలమంతా విన్నాను.

వాళ్ళ కథ తర్వాత తెలుసుకున్నాను. 1978లో కార్డిఫ్‌లో మొదలుపెట్టారు. స్టూవర్ట్ మాక్సమ్, ఫిలిప్ మాక్సమ్ అన్నదమ్ములు. పాడే అమ్మాయి ఆలిసన్ స్టాటన్. శిల్పాల పుస్తకంలోని మాటల నుంచి పేరు పెట్టుకున్నారు. నన్ను కట్టిపడేసిన విషయం ఒకటుంది. డ్రమ్మరును పెట్టుకోలేదు వాళ్ళు. ఆ అన్నదమ్ములకు ఒక కజిన్ ఉన్నాడు, పీటర్ జాయిస్ అని. అతను టెలిఫోన్ ఇంజనీరు. అతను సొంతంగా తయారుచేసిన డ్రమ్ మెషీన్ తాళాన్ని క్యాసెట్టు మీద రికార్డు చేసుకుని, ఆ క్యాసెట్టు నడుస్తుంటే ముగ్గురూ వాయించేవారు. నేనూ టెలిఫోన్ ఇంజనీరునే. నా చేతులు కూడా జీవితమంతా ఈ వైర్లలోనే ఉన్నాయి. వేల మంది కచేరీకి వచ్చే బృందాల సంగతి నాకు తెలియదు గానీ, మా వృత్తివాడొకడు ఇంట్లో కూర్చుని చేసిన టిక్కుటిక్కు మీద ఒక బృందం నిలబడిందంటే, నాకేదో చుట్టరికం కలిసినట్టయింది.

1980లో రఫ్ ట్రేడ్ అనే చిన్న కంపెనీ వాళ్ళ ఆల్బమ్ వేసింది. పదిహేను పాటలు. అన్నీ కలిపి నలభై నిమిషాల లోపే. ఇలాంటి బృందాలను అక్కడ ‘ఇండీ’ అంటారు. అంటే పెద్ద కంపెనీల నీడన కాకుండా చిన్న కంపెనీతోనో సొంత డబ్బుతోనో రికార్డు వేసుకునేవాళ్ళన్నమాట. ఆల్బమ్ వచ్చి ఏడాది తిరిగిందో లేదో బృందం విడిపోయింది. ఆ తరం బృందంలో ఒక్కటే ఆల్బమ్. అంతే.

అంతే అయితే నేనిక్కడ చెప్పనక్కర్లేదు. పదేళ్ళు పోయాక అమెరికాలో నిర్వాణా అనే బృందం ప్రపంచాన్ని ఊపేసింది. దానికి నాయకుడు కర్ట్ కొబేన్. అతను తనకు ప్రాణమైన ఆల్బమ్‌ల పట్టిక రాసుకుంటే అందులో ఈ కార్డిఫ్ ముగ్గురి ఆల్బమ్ ఉంది. అతని భార్య కోర్ట్‌నీ లవ్ బృందం హోల్ 1994లో వేసిన ఆల్బమ్‌లో వీళ్ళ పాట ఒకటి మళ్ళీ పాడింది. కార్డిఫ్‌లో ముగ్గురు పిల్లలు నెమ్మదిగా వాయించింది సముద్రం దాటి వెళ్ళి, గొంతు చించుకుని అరిచే వాళ్ళకు ఇష్టమైంది.

మన దేశానికొద్దాం. 2006లో గ్యాంగ్‌స్టర్ అనే హిందీ సినిమా వచ్చింది. అందులో ‘భీగీ భీగీ’ పాట మీలో చాలామంది వినే ఉంటారు. బంగ్లాదేశ్ గాయకుడు జేమ్స్ పాడాడు. మా ఆఫీసులో ఒక బెంగాలీ మిత్రుడుండేవాడు. ఆ పాట వస్తే చాలు, ‘ఇది మాది, మా మహీన్ గుర్రాలది’ అనేవాడు. మొదట్లో నాకర్థం కాలేదు. తర్వాత కూర్చోబెట్టి చెప్పాడు.

1975 ప్రాంతంలో కలకత్తాలో ఏడుగురు కలిసి మొహీనేర్ ఘొరాగులి అనే బృందం పెట్టారు. ‘మహీన్ గుర్రాలు’ అని అర్థం. జీవనానంద దాస్ కవితలోంచి తీసుకున్న పేరు. నాయకుడు గౌతమ్ చట్టోపాధ్యాయ. నక్సల్బరీ రోజుల్లో జైలుకు వెళ్ళొచ్చిన మనిషి. బావుల్ పాటనీ, గిటారునీ, కలకత్తా వీధినీ కలిపి బెంగాలీలో సొంత పాటలు కట్టారు. 1977, 78, 79లలో ఏడాదికొకటి చొప్పున మూడు రికార్డులు వేశారు. అప్పట్లో వాటిని పట్టించుకున్నవాళ్ళు తక్కువ. 1981 కల్లా ఎవరి దారిన వాళ్ళు వెళ్ళిపోయారు. ఉద్యోగాలు, సంసారాలు, వేరే ఊళ్ళు. బృందం పెట్టిన ఇరవై ఏళ్ళకు, 1995లో, గౌతమ్ కొత్త పిల్లల్ని పోగుచేసి ఒక క్యాసెట్టు తెచ్చాడు. దాని పేరుకు అర్థం ‘మళ్ళీ ఇరవై ఏళ్ళ తర్వాత’. అప్పుడు బెంగాలీ కుర్రకారు ఒక్కసారిగా వాళ్ళను నెత్తినపెట్టుకుంది. 1999లో గౌతమ్ పోయాడు. ఏడేళ్ళ తర్వాత వాళ్ళ బాణీ హిందీ సినిమాలో దేశమంతా మోగింది.

మన వయసువాళ్ళకు ఇంకోటి గుర్తుంటుంది. 1998లో సిల్క్ రూట్ అని ఢిల్లీ బృందం. ‘డూబా డూబా’ అన్న పాట టీవీలో రాని రోజు లేదు. రెండు ఆల్బమ్‌లు వేసి విడిపోయారు. అందులో పాడిన మోహిత్ చౌహాన్ తర్వాత హిందీ సినిమాల్లో పెద్ద గాయకుడయ్యాడు కాబట్టి ఆయన పేరు తెలుసు. మిగతావాళ్ళ పేర్లు ఇప్పుడెవరన్నా చెప్పగలరా? బృందం విడిపోతే జరిగేది ఇదే. ఒకరు వెలుగులోకి వెళతారు, మిగతావాళ్ళు ఇంటికి వెళతారు.

మరి మన తెలుగులో ఇలాంటి బృందాలు ఎందుకు రాలేదని ఆ బెంగాలీ మిత్రుడు నన్నడిగాడు. నేను ఆలోచించి చెప్పాను. మా పాటంతా సినిమాలోనే ఉంది బాబూ అన్నాను. పాడగలిగిన పిల్లవాడెవడైనా సినిమా పాటే పాడతాడు. శ్రీరామనవమి పందిట్లో, దసరా స్టేజీ మీద ఆర్కెస్ట్రా అంటే సినిమా పాటలే. సినిమా కానిది వినాలంటే ఆకాశవాణి లలిత సంగీతం. విజయవాడ కేంద్రం లేకపోతే మా ఇళ్ళల్లో ఆ పాటలే తెలియవు. నలుగురు కుర్రాళ్ళు కూర్చుని సొంతంగా పాట కట్టుకుని సొంతంగా వాయించడం మా వైపు నేను చూడలేదు అన్నాను.

అని చెప్పి ఇంటికి వెళ్ళాను. రాత్రి పడుకున్నాక గుర్తొచ్చింది, నేను అబద్ధం చెప్పానని. చూశాను. ఒకసారి చూశాను. ఇదే హాల్లో.

1986 ఫిబ్రవరి. మన స్కూలు వార్షికోత్సవం. అప్పుడీ హాలుకి పైన రేకులు. స్టేజీ అంటే పది బల్లలు కలిపి వేసి, మీద జంపఖానా పరిచేవాళ్ళు. టెన్త్ బి సెక్షను నుంచి నలుగురం. ఒకడు పాడేవాడు. ఒకడు భజన మందిరం నుంచి హార్మోనియం అరువు తెచ్చినవాడు. దానికి రెండు మెట్లు పలికేవి కావు, అవి రాకుండా బాణీ కట్టుకున్నాం. ఒకడు డ్రమ్ము. డ్రమ్మంటే స్కూలు కవాతు డ్రమ్మే. దాన్ని స్టూలు మీద పెట్టి, పక్కన ఒక స్టీలు పళ్ళెం వేలాడదీశాడు. నేను బుల్‌బుల్ తరంగ్. మా అక్క కోసం కొన్నది, అక్క వాయించలేదు, నాకొచ్చింది.

బృందానికి పేరు పెట్టడానికి రెండు వారాలు కొట్టుకున్నాం. తేలలేదు. చివరికి మైకులో మాస్టారు ‘ఇప్పుడు టెన్త్ బి కుర్రాళ్ళు ఏదో పాడతారట’ అన్నారు. అదే మా పేరు.

రెండు పాటలు పాడాం. మొదటిది సాగర సంగమంలో పాట. జనానికి నచ్చింది. రెండోది మా సొంతం. రాసింది పాడినవాడే. మీకు నవ్వొస్తే నవ్వండి, పద్నాలుగేళ్ళ కుర్రాడు రాసిన పాట:

కాలువ దాటితే బడి ఉంది
బడి దాటితే రైలుంది
రైలు దాటితే ఏముందో
చెప్పే మాస్టారెక్కడున్నారో

మన స్కూలు ముందు కాలువ, వెనక రైలు కట్ట. ఆ కట్ట అవతల ఏముందో మాలో ఎవరికీ తెలియదు. నిజంగానే అడిగాడు వాడు.

డ్రమ్ము వాయించేవాడి బాబాయి మస్కట్ నుంచి టూ-ఇన్-వన్ తెచ్చాడు. దాన్ని స్టేజీ పక్కన పెట్టి కార్యక్రమం రికార్డు చేశాం. నలుగురం తలా ఏడు రూపాయలు వేసుకుని కొన్న సోనీ క్యాసెట్టు, అరవై నిమిషాలది. ఎ వైపంతా ఉపన్యాసాలు, నాటిక. బి వైపు చివర్లో మా పాటలు. ఆ రాత్రే పాడినవాడు తన జామెట్రీ బాక్సులో కంపాస్ తీసి, క్యాసెట్టు వెనక అంచున ఉండే రెండు చిన్న ప్లాస్టిక్ రేకుల్నీ పుటుక్కున విరగ్గొట్టాడు.

ఇప్పటి పిల్లలకు చెబుతాను. ఆ రేకు ఉంటేనే రికార్డు మీట నొక్కుకుంటుంది. విరగ్గొడితే లోపల పట్టుకునే ఆధారం పోయి మీట దిగదు. అంటే దాని మీద ఇంకెవరూ వేరేది రికార్డు చేయలేరు. ‘ఇంక దీన్నెవడూ చెరపలేడ్రా’ అన్నాడు వాడు. పబ్లిక్ పరీక్షలయ్యే దాకా ఆ క్యాసెట్టు నలుగురి ఇళ్ళకూ వంతులవారీగా తిరిగింది. ఆఖరి వంతు నాది. తర్వాత సెలవులు, తర్వాత ఇంటర్, ఎవరి కాలేజీ వాళ్ళది. క్యాసెట్టు నా దగ్గరే ఉండిపోయింది.

1988లో నాకు ఇంజనీరింగ్ సీటొచ్చింది. నాన్న వాక్‌మన్ కొనిచ్చారు. హాస్టలుకు వెళ్ళేముందు పాటలు కావాలి. ఆ రోజుల్లో మెయిన్ రోడ్డులో రికార్డింగు షాపుండేది. మనం కాగితం మీద పాటల పేర్లు రాసిస్తే, ఖాళీ క్యాసెట్టులో నింపిచ్చేవాళ్ళు. ఆ ఏడాది అభినందన, స్వర్ణకమలం పాటలు ఊరంతా మోగుతున్నాయి. నా దగ్గర పాటలు నింపడానికి డబ్బులున్నాయి, కొత్త క్యాసెట్టుకు లేవు. అడిగితే నాన్న ఇచ్చేవారే. అడగడానికి మొహమాటపడ్డాను, అప్పటికే వాక్‌మన్ కొన్నారు కదా అని.

విరగ్గొట్టిన రేకు ఉన్నచోట చిన్న కాగితం మడిచి పెట్టి, పైన టేపు అతికిస్తే మీట మళ్ళీ నొక్కుకుంటుంది. ఆ సంగతి నాకు తెలుసు. తెలిసే అతికించాను. రెండు వైపులా. ఇంటి గడప మీద కూర్చుని, నా చేతులతో. షాపతను సాయంత్రానికి నింపిచ్చాడు.

ఇది నేను ముప్ఫై ఏడేళ్ళలో ఇంతమంది ముందు మొదటిసారి చెబుతున్నాను.

నలుగురిలో హార్మోనియం వాయించినవాడు ప్రభుత్వ బడిలో సైన్సు మాస్టారయ్యాడు. డ్రమ్ము వాయించినవాడు రైల్వేలో చేరాడు. వాడొక్కడే నిజంగా రైలు కట్ట దాటినవాడని మేం ఏడిపిస్తాం. నేను మీ ముందున్నాను. పాట పాడినవాడు ఇంటర్ లెక్కల్లో పోయి, వాళ్ళ నాన్న ఎరువుల కొట్లో కూర్చున్నాడు. కొన్నేళ్ళు పందిళ్ళలో పాడాడు. తర్వాత మానేశాడు. కొట్టు చూసుకున్నాడు, చెల్లెలి పెళ్ళి చేశాడు, పిల్లల్ని చదివించాడు. ఊళ్ళో మంచివాడని పేరు తెచ్చుకున్నాడు.

1995లో ఒక పెళ్ళిలో కలిశాడు. పక్కపక్కన కూర్చుని భోంచేశాం. విస్తరి మడుస్తూ, ‘ఒరేయ్, క్యాసెట్టు జాగ్రత్తగా ఉందా?’ అన్నాడు. ‘ఉందిరా’ అన్నాను. ‘ఎప్పుడన్నా తీసుకురా, మా ఆవిడకి వినిపిస్తాను’ అన్నాడు. సరేనన్నాను. ఆ తర్వాత కలిసిన ప్రతిసారీ వాడు అడుగుతాడేమోనని నాకు లోపల భయంగా ఉండేది. వాడు మళ్ళీ అడగలేదు. నా దగ్గర భద్రంగా ఉందని నమ్మాడు, అందుకే అడగలేదు.

2023లో వాడు గుండెపోటుతో పోయాడు. యాభై రెండేళ్ళు.

ఈ ఏడాది సంక్రాంతి వెళ్ళాక వాళ్ళమ్మాయి నాకు ఫోన్ చేసింది. బెంగుళూరులో ఉద్యోగం చేస్తోంది. ‘అంకుల్, నాన్న చిన్నప్పుడు పాడిన క్యాసెట్టు మీ దగ్గర భద్రంగా ఉందని చెప్పేవారు. ఒక కాపీ ఇస్తారా? నాన్న పాడుతుంటే నేనెప్పుడూ వినలేదు’ అంది. నేనేం చెప్పాను? ‘వెతుకుతానమ్మా’ అన్నాను. అంటే మళ్ళీ అబద్ధమే.

రెండు నెలలు ఆ పిల్ల ఫోను తీయలేదు. తర్వాత మా అమ్మగారింటికి వెళ్ళి అటక మీద ట్రంకు పెట్టె దింపాను. క్యాసెట్టు ఉంది. నేనతికించిన టేపు పసుపుపచ్చగా మారి పెళుసెక్కింది. పాత డెక్కు ఒకటి కొని, సాగిపోయిన బెల్టు మార్చి, హెడ్డు శుభ్రం చేసి, కంప్యూటరుకు కలిపాను. నాకొక ఇంజనీరు ఆశ ఉంది. క్యాసెట్టులో టేపు వెడల్పు నాలుగు మిల్లీమీటర్లు కూడా ఉండదు. టేపు ముందు చెరిపే హెడ్డు మీదుగా పోయి, తర్వాత రాసే హెడ్డు మీదికి వస్తుంది. షాపు యంత్రం హెడ్డు ఒక్క పిసరు పక్కకు ఉన్నా, అంచున పాత శబ్దం సన్నని గీతలా మిగిలి ఉంటుందేమోనని. నాలుగు రాత్రులు కూర్చున్నాను. ఏమీ లేదు. ఆ షాపతను పనిమంతుడు. శుభ్రంగా చెరిపాడు.

అయిదో రాత్రి అలిసిపోయి, బి వైపు పెట్టి అలాగే వదిలేశాను. ఆరు పాటలు. ఇరవై ఏడు నిమిషాలు. హాస్టల్లో ఆరో పాట అవగానే నేను వెంటనే క్యాసెట్టు తిప్పేసేవాణ్ణి, అది వాక్‌మన్ బ్యాటరీ పొదుపు. ఆ రాత్రి తిప్పలేదు. ఆరో పాట అయిపోయింది. టక్కుమని ఒక శబ్దం. షాపతను మీట ఎత్తిన చోటు అది. తర్వాత బరబరమని చప్పుడు. ఆ తర్వాత చప్పట్లు.

అరవై నిమిషాల క్యాసెట్టులో ఒక్కో వైపు ముప్ఫై నిమిషాలు. షాపతను ఇరవై ఏడు నిమిషాలే నింపాడు. మిగతాది అతను ముట్టుకోలేదు. మా పాట అయిపోయాక చప్పట్లు, ఈలలు, ఎవరో ఆడపిల్లలు నవ్వడం. అందులోంచి వాడి గొంతు, మైకుకి దగ్గరగా, ఊపిరి ఎగబీలుస్తూ: ‘సార్, ఇంకొక్క పాట సార్.’ మాస్టారి గొంతు: ‘టైమైపోయింది నాయనా, కరెంటు పోతుంది, దిగండి.’ మళ్ళీ వాడే: ‘ఒక్కటే సార్.’ అక్కడ హాలంతా నవ్వు. తర్వాత వందేమాతరానికి లేస్తున్న బల్లల చప్పుడు. టేపు అయిపోయింది.

పాట లేదు. పాటకి తర్వాత మూడు నిమిషాలు ఉంది.

మర్నాడు ఆ అమ్మాయికి ఫోన్ చేసి మొత్తం చెప్పాను. కాగితం మడిచిన సంగతి, పెళ్ళిలో వాళ్ళ నాన్నతో చెప్పిన అబద్ధం, తనతో చెప్పిన అబద్ధం, అన్నీ. తను ఏమీ అనలేదు. ‘ఉన్నది పంపించండి అంకుల్’ అంది. పంపించాను. రెండు రోజులు ఏ కబురూ లేదు. మూడో రోజు ఫోన్ చేసి, ‘నాన్న గొంతు అంత సన్నగా ఉండేదా అంకుల్?’ అని అడిగింది. అప్పటికింకా గొంతు మారలేదమ్మా అన్నాను. ‘మాస్టారితో అలా బతిమాలతాడని నేననుకోలేదు. మా దగ్గర ఏదీ అడిగేవాడు కాదు’ అంది. నన్ను క్షమించానని తను అనలేదు. నేనూ అడగలేదు. తర్వాత తనే, ‘పోనీ ఆ పాట ఎలా ఉండేదో మీ ముగ్గురూ కలిసి చెప్పగలరా?’ అంది.

దాంతో ముప్ఫై తొమ్మిదేళ్ళ తర్వాత ఆ బృందం మళ్ళీ కలిసింది, ఫోన్లో. పల్లవి ముగ్గురికీ ఒకేలా గుర్తుంది. మొదటి చరణం సైన్సు మాస్టారికి వచ్చు. రెండో చరణం దగ్గర మాకు గొడవ. అందులో స్కూలు గంట గురించి ఉందని నేనంటాను. గంట కాదు, గేటు ముందు జామకాయల అవ్వ గురించని రైల్వేవాడంటాడు. బాణీ అక్కడ పైకెళ్ళిందా కిందికెళ్ళిందా అన్నది కూడా తేలలేదు. అందులో పలకని రెండు మెట్లూ ఏవో ఆ హార్మోనియం చూసి తేలుద్దామంటే, భజన మందిరంవాళ్ళు దాన్ని ఎప్పుడో బాగుచేయించేశారు.

ఇప్పుడు మీకు అర్థమై ఉంటుంది, కార్డిఫ్ వాళ్ళూ, కలకత్తా వాళ్ళూ నాకెందుకు ముఖ్యమో. వాళ్ళు ఎక్కువకాలం కలిసి లేరు. మేము కలిసింది ఒక్క సాయంత్రం. ఎంతకాలం కలిసున్నారన్నది పెద్ద తేడా కాదు. వాళ్ళ పాట ఒకటికి రెండుచోట్ల ఉంది. రికార్డు అచ్చయింది, నలుగురి ఇళ్ళకు చేరింది. ఒకరింట్లో పోయినా ఇంకొకరింట్లో ఉంది. అందుకే పదేళ్ళకో ఇరవై ఏళ్ళకో ఎవరో ఒకరు తీసి విన్నారు. మా పాట ఒక్కచోటే ఉంది. ఆ ఒక్కచోటూ నా చేతిలో ఉంది. మా వృత్తిలో మొదటి పాఠం ఇది: ఏ ముఖ్యమైన దారీ ఒక్క తీగ మీద ఆధారపడకూడదు. ఎక్స్‌చేంజీలకు రెండో దారి వేసి జీతం తీసుకున్నవాణ్ణి, నా స్నేహితుడి పాటకు వేయలేదు.

రెండు విన్నపాలతో ముగిస్తాను.

మొదటిది. బయట రిజిస్ట్రేషన్ బల్ల మీద ఒక అట్టపెట్టె పెట్టాను. మీ ఇళ్ళల్లో పాత క్యాసెట్లు ఉంటాయి. తాతగారి హరికథ, అమ్మ పాడిన మంగళహారతి, పిల్లల మొదటి మాటలు. తెచ్చివ్వండి. నేను రిటైరయ్యేలోగా అన్నీ కంప్యూటరులోకి ఎక్కించి, అసలు క్యాసెట్టుతో సహా మీకు తిరిగిస్తాను. పైసా అక్కర్లేదు. మీరు మాత్రం దాన్ని ఇంట్లో ఉన్న ఏ పాత టేప్‌రికార్డర్లోనో పెట్టి చూడకండి, ఎండిన బెల్టూ మురికి హెడ్డూ టేపును నమిలేస్తాయి. ఎండలో పెట్టకండి. స్పీకర్ల పక్కన పెట్టకండి. రేకు ఉంటే ఇవాళే విరగ్గొట్టండి. విరిగి ఉంటే దాని మీద కాగితం అతికించకండి.

రెండోది. 1986 ఫిబ్రవరిలో ఆ రాత్రి ఈ హాల్లో నాలుగు వందల మంది ఉండి ఉంటారు. వాళ్ళలో కొందరు ఇప్పుడు నా ఎదురుగా కూర్చున్నారు. ‘దిగండి నాయనా’ అన్న మాస్టారు కూడా ముందు వరుసలో ఉన్నారు. మాస్టారూ, మీ మీద నాకు కోపం లేదండి, కరెంటు నిజంగానే పోయింది. భోజనాలయ్యాక పాత టెన్త్ బి గదిలో మేం ముగ్గురం ఉంటాం. హార్మోనియం తెచ్చాం. బెంగుళూరు నుంచి వాళ్ళమ్మాయి వచ్చింది, అదుగో, ఎడమవైపు గుమ్మం దగ్గర కూర్చుంది. రెండో చరణం మీలో ఎవరికన్నా గుర్తుంటే, ఒక్క మాటైనా సరే, వచ్చి చెప్పండి. గంటో, జామకాయల అవ్వో తేల్చండి.

ఎవరికీ గుర్తులేకపోతే పల్లవి, మొదటి చరణం వరకే పాడతాం. ఈసారి నాలుగు ఫోన్లలో రికార్డు చేస్తాం.

మాస్టారూ, ఇంకొక్క పాటకి అనుమతి ఇప్పించండి.